ఆంధ్రవిష్ణువు: ఒక సమాసవిచారము

కృష్ణామండలమున ఘంటసాలకుఁ జేరువను, కృష్ణవేణి యొడ్డున, శ్రీకాకుళ మను గ్రామము గలదు. ఉత్తరాంధ్రమునందలి శ్రీకాకుళనగరము వేఱు, ఇది వేఱు. ఇక్కడి దేవునికి ఆంధ్రమహావిష్ణువు, ఆంధ్రనాయకుఁడు, శ్రీకాకుళేశ్వరుఁడు, తెలుఁగువల్లభుఁడు అను పేళ్లు గలవు. వీనిలో మొదటిదియే పండితులకుఁ జిక్కు తెచ్చినది. ఆంధ్రవిష్ణు వనఁగా నెవఁడు? పూర్వ మొక రాజై యుండి మరణానంతరము దేవుఁడుగాఁ గొలువఁబడినవాఁ డని కొందఱు. ఆదినుండియు దేవుఁడే, రాజకథ పిమ్మటఁ గల్పింపఁబడిన దని కొందఱు. ఇరువురును శాసనములకొఱకు వెదకిరేకాని, ఆ పేరిని సమాసముగాఁ జూచి విడఁదీసినవా రరుదు.

సమాసముయొక్క యర్థమును దెలుపు వాక్యమునకు వైయాకరణులు పెట్టిన పేరు విగ్రహము. కోవెలలోని మూర్తికి లోకులు పెట్టిన పేరును విగ్రహమే. శ్రీకాకుళమున మూర్తి తన చోటఁ దా నుండఁగా వాక్యవిగ్రహము మూఁడు తెఱఁగుల మాఱినది. మాఱ్చినవారు రాజులుగా రాజులు కారు, పూజారులును గారు, స్తుతి చేసినవారు. స్తుతి యున్నదాని నున్నట్లు చెప్పుట యని సామాన్యముగాఁ దలఁతురు. ఈ క్షేత్రపు వాఙ్మయమును జూచినచో స్తుతి స్తుత్యుని మార్చుచుఁ బోయిన ట్లగపడుచున్నది. ఇట్టిదే వేఱొక దేశమున, వేఱొక మతమున, గ్రీకుభాషలో జరిగినది. రెంటిని జేర్చి చూచినఁగాని మనదాని విశేషము తెలియదు.

మొదటి విగ్రహవాక్యము వ్యాకరణమునుండియే పుట్టుట చోద్యము. కాంబెలు 1816లో మదరాసునఁ బ్రకటించిన తెనుఁగు వ్యాకరణపుఁ బీఠికలో ఆంధ్రకౌముదినుండి యొక కథ నెత్తి చూపెను. సుచంద్రుని కొడుకగు ఆంధ్రవిష్ణువు శ్రీకాకుళమున నుండి, శ్రీశైల భీమేశ్వర కాళహస్తులను మహేంద్రగిరితోఁ గలుపుచు మహాప్రాకారము నిర్మించి, దానికి మూఁడు ద్వారములు గావించి, నిశుంభుఁ డను రక్కసునితో యుగములతరబడి పోరి చంపి, పిమ్మట ఋషులతోఁగూడ గోదావరీతీరమున నివసించెనఁట. ఆ రాజు కొలువుననే కణ్వుఁ డను ఋషి తొలి తెనుఁగు వ్యాకరణమును రచించెనఁట. కణ్వుని గ్రంథము నేఁడు లభించుట లేదు.

యుగములతరబడి యుద్ధము చేసిన రాజును కాలపట్టికలో నెక్కించుట కలవిగాదు. సాతవాహనుల తొలిరాజధాని యీ శ్రీకాకుళమే యను వాదమునకు సైత మీకథ సాక్ష్యము గానేరదు. ఐనను దీనిని త్రోసివేయరాదు. వ్యాకరణమున కొక యాజ్ఞాపకుఁడు కావలె నను కోరిక యిందుఁ గలదు. పాణినీయులకు మహేశ్వరుని ఢక్కానాదమునఁ బుట్టిన పదునాలుగు సూత్రము లున్నవి. తెనుఁగు వైయాకరణుఁడు తన శాస్త్రమునకు నట్టి మూలము నొకదానిని వెదకికొని, నదీతీరమున నున్న దేవుని పేరిని రాజు పేరుగాఁ జదివెను. అతని విగ్రహవాక్యము ‘ఆంధ్రుఁడైన విష్ణువు’ అని. విశేషణపూర్వపద కర్మధారయము. ఆంధ్రత్వమును విష్ణుత్వమును ఒక్క పురుషునియందే యున్నవి; కావున నాతఁడు మనుష్యుఁడును గావచ్చును, దేవుఁడును గావచ్చును. కథ రెండింటికిని నడుమ నిలిచినది.

రెండవ విగ్రహవాక్యమును జేసినవాఁడు కృష్ణదేవరాయలు. కొండవీడు 1515లో నాతనికిఁ జిక్కెను. 1516 నాఁటి శాసన మాతఁడు సింహాచలమునఁ జేసిన సేవను దెలుపుచున్నది. ఆ కళింగదండయాత్రలో విజయవాటిక కడఁ గొన్నినాళ్లు విడిసి, శ్రీకాకుళమునకుఁ బోయి, హరివాసరమున నుపవసించి, ఆ రాత్రి నాలవజామున స్వప్నమును గాంచినట్లు ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమునఁ దానే చెప్పికొనెను. దేవుఁడు కలలోఁ గనఁబడి, మదాలసచరిత్రము, సత్యావధూప్రీణనము, సకలకథాసారసంగ్రహము, జ్ఞానచింతామణి, రసమంజరి మొదలగు సంస్కృతకృతులు చేసిన నీకు ఆంధ్రభాష యసాధ్యమా యని యడిగి, శ్రీరంగమునఁ దనకును గోదకును జరిగిన పెండ్లిని తెనుఁగునఁ జెప్పు మని నియమించెను. కృతిని వేంకటేశ్వరున కంకితము చేయు మనియు, ఆ దేవుఁడును దానును నామమాత్రమున భిన్నుల మనియుఁ జెప్పెను.

తెలుఁగుభాష మేలిమిని చాటు పద్య మీ ఘట్టమున నుండుటచే లోకులు దానినే కంఠస్థము చేయుదురు. దానికి ముందున్న మాటయందే యసలు కీలున్నది. దేవుఁడు తన్ను తెలుఁగురాయఁ డనియు, ఎదుటివానిని కన్నడరాయఁ డనియుఁ బిలిచెను. విజయనగరసార్వభౌముని ఎదుట నిలిచి యొక యూరి దేవుఁడు నేనును రాయఁడనే యనుచున్నాఁడు. ఇందు ఆంధ్రశబ్దము వ్యక్తివిశేషణము గాదు. ‘ఆంధ్రుల విష్ణువు, ఆంధ్రభాషకు విష్ణువు’ అని షష్ఠీతత్పురుషము. సుచంద్రుని కొడు కిఁక లేఁడు. రాజత్వము మాత్రము దేవునికి దాయముగా మిగిలినది. కౌముదికథ యీ స్వప్నమునకుఁ బూర్వమో పరమో నిర్ణయించుట కష్ట మని యొకరు శంకింపవచ్చును. ఇక్కడఁ జెప్పునది యర్థక్రమము, కాలక్రమము గాదు. ఒక సమాసము రెండు వాక్యముల నిచ్చుచుండఁగా, ఏ వాక్యము పూజకుఁ బనికివచ్చినదో యది నిలిచినది.

ఇంకొక సంగతి. దేవుఁడు గోదకథ నేల కోరెను? పూర్వ మొక మగవాఁ డిచ్చిన దండను మనస్సు లేకయే గైకొంటి ననియు, ఆ కొదువను బ్రియురాలు ధరించి యిచ్చిన దండకథతోఁ గప్పవలె ననియు నాతని మాట. ఆ మగవాఁడు మధురానగరమునందలి మాలాకారుఁడగు సుదాముఁ డని వ్యాఖ్యాతలు. అనఁగాఁ దెలుఁగుదేవునికిఁ గావలసినది తన మహిమవర్ణనము గాదు. తన్ను స్తుతించిన యొక భక్తురాలి చరిత్రము. ఈ యంశము ముందునకుఁ బనికివచ్చును.

ఇఁక గ్రీకుల మాట. క్రైస్తవమతమున పునీతులలోఁ బ్రథమస్థాన మేసుతల్లి మరియమ్మది. ఆమె గౌరవ మంతయు ఒక్క సమాసమునుండి పెరిగిన దన్న నతిశయోక్తి గాదు. ఆ సమాసము ‘థెయొటోకొస్’. దేవుని గన్నది యని యర్థము. క్రీస్తుశకము 428లో కాన్‌స్టాంటినోపిలునకుఁ బేట్రియార్కుగా వచ్చిన నెస్టోరియసు ఈ మాట తగదు, ‘క్రిస్టొటోకొస్’ అనఁగా క్రీస్తును గన్నది యని చెప్పుట మంచి దనెను. పూర్వపద మొక్కటి మార్చుటకై సామ్రాజ్య మంతయుఁ గలఁగెను. 431లో ఎఫెసునగరమున సభ కూడి నెస్టోరియసును బదభ్రష్టునిఁ జేసి మొదటి మాటనే నిలిపెను.

వైయాకరణుని కిందు రుచించు విశేష మింకొకటి గలదు. గ్రీకున నీ జాతి సమాసములలో స్వరము ఉపాంత్యమునఁ బడినచోఁ గర్త్రర్థము, అనఁగాఁ గన్నది. వెనుకకు జరిగినచోఁ గర్మార్థము, అనఁగాఁ గనఁబడినది. స్వరము తప్పిన దల్లి బిడ్డ యగును. మహాభాష్యమునందలి ఇంద్రశత్రుశబ్దము స్మరణకు రాకమానదు. త్వష్ట ఇంద్రుని సంహరించు కొడుకును గోరి హోమము చేసెను. తత్పురుషమున కంతోదాత్తము పలుకవలసి యుండఁగా ఋత్విక్కు ఆద్యుదాత్తము పలుకుటచే బహువ్రీహి యయ్యెను. ఇంద్రుఁడే వానికి సంహర్త యయ్యెను. స్వరమువలన సమాసార్థము తాఱుమా ఱగు నని తెలిసిన రెండు జాతులలో, ఒకదానికి స్వర మొక యజమానుని కొడుకును జంపినది, వేఱొకదానికి మతసభను గూర్చినది కాకున్నను, సభలో గెలిచిన మాటకుఁ గావలియున్నది.

సభ గెలిపించిన మాటను జనుల నోట నిలిపినవారు స్తోత్రకవులు. వారిలో మేటి రోమానోసు. సిరియాదేశపు ఎమెసాలోఁ బుట్టి, బెయిరూతునఁ గోవెలసేవ చేసి, అనస్టాసియసు చక్రవర్తి కాలమున (491–518) కాన్‌స్టాంటినోపిలు చేరి, జస్టినియను కాలమున (527–565) ప్రసిద్ధి కెక్కెను. అతనికిని స్వప్నమే మూలము. క్రీస్తుజన్మోత్సవమునాఁటి రాత్రి దేవమాత కలలోఁ గనఁబడి, కాకితపుఁజుట్ట నొకదాని నిచ్చి మ్రింగు మనెననియు, మేల్కని యాతఁడు వేదిక యెక్కి జన్మస్తోత్రమును బాడెననియు నైతిహ్యము. అతని రచనాజాతికిఁ బేరు కొంటాకియను. చుట్టకు నడుమ నుండు కోలకుఁ గల పేరినుండి వచ్చినది.

శ్రీకాకుళస్వప్నమును ఈ స్వప్నమును బ్రక్కప్రక్కనుంచి చూడుఁడు. అక్కడ నాజ్ఞ తల్లిది, పాట కొడుకు పుట్టుకను గూర్చి. ఇక్కడ నాజ్ఞ ఆంధ్రవిష్ణునిది, కథ శ్రీరంగనాథునిది, అంకితము వేంకటేశ్వరునికి. రెండింటను ఆజ్ఞ యిచ్చినవారు తమ్ముఁ బాడు మనలేదు. ఐనను ఆ రచనలవలనఁ గీర్తి పొందినది వారే. స్తోత్రమున ఫలము పొందువాఁడు విషయమగువాఁడే కానక్కఱలేదు. చతుర్థీవిభక్తికిని ద్వితీయకును గల భేద మిక్కడఁ జక్కఁగా గోచరించును.

కొంటాకియనునకు ముందొక చిన్న ప్రస్తావనచరణము, తరువాత నొకే మట్టున నడచు పదునెనిమిదియో యిరువదినాలుగో చరణములు. చరణముల మొదటి యక్షరములను గూర్చి చదివినచో సామాన్యముగాఁ గవిపేరు వచ్చును. దీనుఁడగు రోమానోసుది యని వినయముగా నుండును. మన గర్భకవులు బంధకవులు దీనిని జూచి యానందింతురు. ప్రతిచరణము తుద నొకే పల్లవి. వేదికపై నొక్కఁడు చరణమును బాడఁగాఁ గోవెలలోని జనులు పల్లవి నందుకొనెడివారు. ఇందు గురులఘునియమము లేదు. అక్షరసంఖ్యయు నూఁత పడు స్థానములును ఛందస్సు. హోమరునాఁటి మాత్రాఛందస్సును బండితులకు విడిచి, జనులు పలుకు పలుకుబడిని బట్టి కట్టిన దగుటచే, తరువాతివారు దీనిని వచన మనియే భ్రమించిరి. పిత్రా యను ఫ్రెంచి సన్న్యాసి 1859లో రుషియాలో నొక వ్రాఁతప్రతిని జూచుచు, వాక్యముల నడుమ నున్న యెఱ్ఱచుక్కలు పాదవిరామము లని కనుఁగొనెను. అంతవఱకు వేయేండ్లు పాడుచున్న పాట పద్య మని పాడువారికే తెలియదు! మన సీసమును, ఆటవెలఁదిని వృత్తములకంటెఁ దక్కువగాఁ జూచిన సంస్కృతపండితు లీ వృత్తాంతమును వినఁదగుదురు.

పల్లవితోఁ దెనుఁగు శతకమకుటమును బోల్చుట సహజము. ఐతే పోలిక యిరువదిపాళ్లు, భేదము ఎనుబదిపాళ్లు. మకుటము సంబోధన; పల్లవి సాధారణముగా వాక్యములోని భాగము. రోమానోసు ప్రజ్ఞ యంతయు నొకే పల్లవిని వేర్వేఱు చరణములలో వేర్వేఱు నోళ్లఁ బలికించుటలో నున్నది. సిలువకడ నిలిచిన మరియమ్మను గూర్చి యాతఁడు చేసిన కొంటాకియనులో, వధ్యస్థానమునకుఁ గొనిపోఁబడు పిల్ల వెంట నడచు గొఱ్ఱెవలెఁ దల్లి వచ్చును. కొడుకా, ఎక్కడికి ఈ పరు వని యడుగును. కానాయూరిలో మఱియొక పెండ్లి యున్నదా యని యడుగును. కొడుకు సమాధానము చెప్పును. చరణము తల్లిదైనను గొడుకుదైనను, తుదిని ఆతఁడు కొడుకును దేవుఁడును ననెడి పల్లవియే. తల్లి నోట నది శోకము, కొడుకు నోట నది బోధ, జనుల నోట నది మతసిద్ధాంతము. ఎఫెసుసభ నూఱేండ్లక్రిందట నిర్ణయించిన సమాసార్థము నీ పల్లవి కన్నీటితోఁ గలిపి జనుల కిచ్చినది.

అకాథిస్టు అను వేఱొక స్తోత్రము గలదు. కూర్చుండక నిలిచి పాడవలసిన దగుట నా పేరు. కర్త యెవఁడో నిర్ణయింపఁబడలేదు. ఇరువదినాలుగు చరణములు గ్రీకువర్ణక్రమమున నడచును. బేసి చరణములలో మరియమ్మకు వందనములు వరుసగా వచ్చును. అష్టోత్తరశతనామములకు అలవాటుపడిన చెవి కది క్రొత్తగాఁ దోఁపదు. 626లో ఆవరులును పారసీకులును గలసి కాన్‌స్టాంటినోపిలును ముట్టడించిరి. హెరాక్లియసు చక్రవర్తి దూరమున నుండెను. సెర్గియసు పేట్రియార్కు దేవుని చిత్రపటమును గోటగోడలపైఁ ద్రిప్పెను. ముట్టడి విఱిగెను. ఆ విజయమునకుఁ గృతజ్ఞతగా నీ స్తోత్రమునకుఁ గ్రొత్త ప్రస్తావనచరణము చేర్పఁబడిన దని వాడుక. అందు నగరమే వక్త; మరియమ్మ సేనాని. లోపలి యిరువదినాలుగు చరణములలో నొక యక్షరమైన మాఱలేదు. అవి యవతారరహస్యమును గూర్చినవే. కాని తలవాకిటఁ జేర్చిన నాలుగు పంక్తులచే స్తోత్ర మంతయు నగరరక్షకురాలి స్తోత్ర మయ్యెను. దేవమాత ‘నగరమాత’ యయ్యెను.

ఈ దృష్టితో మరలి శ్రీకాకుళమునకు వచ్చినచోఁ గాసుల పురుషోత్తమకవి చేసినపని యెంతటిదో తెలియును. ఈతఁడు దివిసీమలోని పెదప్రోలువాఁడు. పదునెనిమిదవ శతాబ్ది చివరను పందొమ్మిదవ శతాబ్ది మొదటను ఉన్నవాఁడు. చల్లపల్లి సంస్థానాధిపతులగు యార్లగడ్డవారి యాశ్రయము పొందినవాఁడు. ఆంధ్రనాయకశతకముగాక హంసలదీవి గోపాలునిపైఁ గూడ శతకము చేసెను. ఆంధ్రనాయకశతకము సీసపద్యములలో నున్నది; ఆద్యంతము వ్యాజస్తుతి. అప్పటికి కోవెల పాడువడి పూజలు సన్నగిల్లి యుండఁగాఁ గవి యా దేవునిఁ దిట్టి యీ శతకము చెప్పెననియు, అంకినీడు ప్రభువు విని కోవెలను బాగుచేయించెననియు వాడుక.

ఈ శతకమును మెచ్చువారు సైతము చమత్కారమును మాత్రమే మెచ్చుచున్నారు. నిందలో స్తుతి యిమిడించుట యెట్టి నేర్పో చెప్పి యూరకుందురు. అలంకారశాస్త్రములో లక్షణము చెప్పి లక్ష్యముగా నొక పద్యము చూపుటతోఁ బని తీఱిన దని తలంచుట యీ కవికిఁ జేసిన యన్యాయము. ఒక పద్యమును గొంచెము నిలిచి చూతము. భూదేవి భార్య యగుటచే దేవునికి సమస్తమును భరించువాఁ డన్న పేరు వచ్చినది; లక్ష్మి భార్య యగుటచేఁ గోరిన వన్నియు నిచ్చువాఁ డన్న ఘనత వచ్చినది; సృష్టికర్త కొడు కగుటచేఁ బెద్దసంసారి యన్న బలిమి వచ్చినది; గంగ కూఁతు రగుటచేఁ బతితపావనుఁ డన్న ప్రతిభ వచ్చినది. ఆండ్రును బిడ్డలును దెచ్చిన ప్రఖ్యాతియే కాని, మొదటినుండియు నీవు దామోదరుఁడవే యని ముగింపు.

దామోదరశబ్దము బహువ్రీహి; దామ ముదరమునఁ గలవాఁడు. యశోద త్రాటఁ గట్టిన కథ ప్రసిద్ధము. లోకమునఁ గడుపునకుఁ ద్రాడు కట్టికొన్నవాఁ డన్నచోఁ బస్తున్నవాఁ డని యూహ. పూజలు లేక నైవేద్యము లేక యున్న కోవెలలో నా మాట యెంత గట్టిగాఁ దగులునో! ఇంతవఱకు వ్యాఖ్యాతలు చెప్పినదే. వారు గమనింపనిది క్రియాపదముల నడక. మొదటి నాలుగు పాదములలోఁ బేరు తెచ్చుట యను క్రియకుఁ గర్తలు వరుసగా భూదేవి, లక్ష్మి, బ్రహ్మ, గంగ. దేవుఁ డొక్కదానికిని గర్త గాఁడు. తుదివాక్యమున దేవుఁడు వచ్చును. అందు క్రియయే లేదు! నామమాత్రముతో ముగియు వాక్యము. స్వతంత్రుఁడైనవాఁడు కర్త యని శాస్త్రము. స్వాతంత్ర్యము లేక, త్రాటఁ గట్టువడి, ఒక్కక్రియకైనఁ గర్త గాని దేవునిఁ గవి వాక్యనిర్మాణముచేతనే చూపెను. నింద యర్థమునందుఁ గాక వ్యాకరణమున నున్నది. స్తుతియు నక్కడనే యున్నది. కట్టువడుటకు సమ్మతించుట తల్లియెడఁ గల వాత్సల్యముచేతనే గదా.

ఆ నింద యంతటికి మీఁద మకుటము వచ్చి కూర్చుండును. దాక్షిణ్యము గలవాఁ డనియు, శత్రువులఁ జంపినవాఁ డనియు, శ్రీకాకుళమునందలి యాంధ్రదేవుఁ డనియు సంబోధించును. పెక్కు శతకములలో మకుటము పద్యమున కంటించిన ముద్రవలె నుండును. తీసివేసినను బద్య మట్లే నిలుచును. ఇక్కడఁ దీసివేసినచోఁ దిట్టు మాత్రమే మిగులును. రోమానోసు పల్లవిని వేర్వేఱు నోళ్లకిచ్చి చేసినపనిని, పురుషోత్తమకవి యొక్కనోటనే, రెండు కంఠస్వరములతోఁ జేసెను. కోవెల నిండ జనులుండఁగాఁ బాడినది కొంటాకియను. జనులు రాని కోవెలలోఁ బలికినది యీ శతకము. జనులు చెప్పవలసిన పల్లవి చెప్పువారు లేక కవియే చెప్పికొనుచున్నాఁ డన్నచోఁ దప్పుగాదు. నూటయెనిమిదింట నన్నియు నీ యెత్తున నుండవు. ఒకే యెత్తుగడ పలుమాఱు వచ్చి కొన్నిచోట్ల నేర్పుమాత్రమే మిగిలినది. ఐనను మేలైన పద్యములు ముప్పదికిఁ దక్కువ గావు. ఒక శతకమున కది గొప్ప లాభము.

ఇక్కడ మూఁడవ విగ్రహవాక్యము తేలినది. ఆంధ్రదేవుఁ డనఁగా ఆంధ్రులు చూచికొనవలసిన దేవుఁడు. షష్ఠియే, కాని సంబంధము తలక్రిందయినది. రాయలనాఁడు దేవుఁడు ఆంధ్రులకు స్వామి. పురుషోత్తమునినాఁడు ఆంధ్రులు దేవునికిఁ బూఁటకాఁపులు. షష్ఠి సంబంధసామాన్యమును జెప్పును. ఏ సంబంధమో చెప్పునది ప్రకరణము. పాడుకోవెలయే యిక్కడఁ బ్రకరణము.

సింహాచలమునందు గోగులపాటి కూర్మనాథకవి పదునెనిమిదవ శతాబ్దిలోఁ జెప్పిన సింహాద్రినారసింహశతకమును దీనిసరసనుంచుట యుచితము. తురకదండు పైఁబడఁగా దేవుని నిష్ఠురము లాడుచు నాతఁడు శతకము చెప్పెననియు, తుమ్మెదలు వెడలి దండును దఱిమెననియుఁ గథ. అకాథిస్టు ప్రస్తావనయుఁ బరసేన మీఁదికి వచ్చినప్పటిదే. గ్రీకులు గెలిచినపిమ్మటఁ గృతజ్ఞత పాడిరి. తెనుఁగుకవి గెలువకముందే తిట్టెను. బిజాంటియనుస్తోత్రములలో నిష్ఠుర మున్నచో నది కథలోని పాత్రనోట, సిలువకడఁ దల్లినోట మాత్రమే యుండును; కవి తననోటఁ బలుకుటకు సాహసింపఁడు. మన కవులకు దేవుఁడు చుట్టము.

తెనుఁగు క్రైస్తవకీర్తనలలో నీ స్వాతంత్ర్యము కలుగవలసి యుండఁగాఁ గలుగలేదు. 1841లో మచిలీపట్టణమున ఫాక్సు, నోబిలు అను మిషనరీలు నెలకొల్పిన సంఘము ప్రొటెస్టెంటుది. పునీతుల స్తోత్రములకు వారిలోఁ దావు లేదు. కీర్తనకారులలో శ్రేష్ఠుఁడగు పురుషోత్తమ చౌదరి (1803–1890) శరణాగతిని బాడెను గాని నిష్ఠురమును బాడలేదు. ఇద్దఱు పురుషోత్తములలో నొకరినొకరు చదివి యుండినచో నేమగునో! 1924లో బెజవాడకడ గుణదలకొండపై మరియమ్మ ప్రతిమ నెలకొన్నది. ఏఁటేఁట ఫిబ్రవరినెలలో జరుగు నుత్సవమునకు లక్షలజనులు కొండ యెక్కుదురు. కృష్ణాతీరమునఁ దెనుఁగున దేవమాతకు వందనములు వినవచ్చుచున్నవి. అకాథిస్టు నందలి వందనముల కవి మనుమరాండ్రు.

మిగిలినది స్తుతించినవారి గతి. స్తుధాతువునకుఁ గర్త స్తోత, కర్మ స్తుత్యుఁడు. గోద శ్రీవిల్లిపుత్తూరున ముప్పది పాశురముల తిరుప్పావైని, నూటనలువదిమూఁడు పాశురముల నాచ్చియారు తిరుమొళిని బాడిన స్తోత్రి. తరువాత వేదాంతదేశికులు గోదాస్తుతిని రచించి యామెను స్తుత్యురాలిఁ గావించిరి. పిమ్మట రాయలు శ్రీకాకుళపుఁ గలను సాకుగాఁ గొని యాఱాశ్వాసముల ప్రబంధమున నామెను నాయికఁ జేసెను. నేఁడు ధనుర్మాసమున దివిసీమపల్లెలలో నామె పాటలు తెల్లవారుజామున వినఁబడును. వైష్ణవాలయములలో నామె విగ్రహ మున్నది. కర్త కర్మ యయ్యెను. రోమానోసుకును నిట్లే. అతఁడు పునీతుఁడయ్యెను, అక్టోబరు 1 అతని పర్వదినము. అదేదినమున దేవమాతరక్షోత్సవమును జరుపు రుషియనులు, ఆమె మేలుముసుఁగు పట్టి నిలిచిన చిత్రమున క్రింద నడుమను వేదికపైఁ జుట్ట చేతఁ బట్టిన రోమానోసునే నిలుపుదురు. ఆ చిత్రమునఁ జెప్పఁబడిన దర్శనము రోమానోసు చనిపోయిన కొన్నివందలయేండ్లకు జరిగిన దని వారి గ్రంథములే చెప్పును. చిత్రకారునికిఁ గాలము లక్ష్యము గాలేదు. పాడినవాఁడు పాడఁబడినదానికడ నుండవలె ననుటయే లక్ష్యము.

శ్రీకాకుళాలయమున నొక మంటపమును రాయల పేరఁ జెప్పుదురు. ఆతఁడు కలగన్న చోటో కావ్య మారంభించిన చోటో యని యాత్రికులకుఁ జూపుదురు. తెలుఁగుభాషాభిమానులు దేవుని సేవించి, పిమ్మట నా మంటపమున నిలిచి, ప్రథమాశ్వాసమునందలి పద్యమును జదివి పోవుదురు. పురుషోత్తమకవి శతకమును అక్కడఁ జదువువారు తక్కువ. కోవెల యిప్పుడు పాడుగా లేదు.